ఇసబ్‌గోల్‌... నీళ్లుంటేనే మేలు

‘మందు కాదు కదండీ, ఉత్త పొట్టే కదా!’ ఇసబ్‌గోల్‌ గురించి అడిగితే మా ఓపీలో తరచూ వినిపించే మాట ఇది. వాడుతున్న మందులన్నీ చెప్పమంటే బీపీ మాత్ర, షుగర్‌ మాత్ర, థైరాయిడ్‌ మాత్ర చెప్తారు. ఇసబ్‌గోల్‌ పేరు మాత్రం ఎత్తరు. ఏళ్ల తరబడి రోజూ చెంచా చొప్పున తీసుకుంటున్నా అది వాళ్ల లెక్కలోకి రాదు. చీటీ అక్కర్లేకుండా కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. తాతగారూ వాడతారు, మనవరాలూ వాడుతుంది. అందుకే దాన్ని మందులా చూడటం మనకు అలవాటు లేదు.

నిజానికి ఇది మంచి వస్తువే. సరిగ్గా వాడితే మలబద్ధకం తగ్గిస్తుంది, మొలలతో బాధపడేవారికి ఊరటనిస్తుంది, చెడు కొలెస్ట్రాల్‌ను కొంత దించుతుంది. తప్పుగా వాడితే గొంతులో అడ్డుపడొచ్చు, వేసుకున్న మాత్రను పని చేయనీయకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఉన్న పెద్ద జబ్బును బయటపడకుండా కొన్నాళ్లు కప్పేయొచ్చు. ఈ రెండు వైపులూ తెలిసి వాడితేనే ఇంట్లో ఉన్న ఆ డబ్బా మనకు మేలు చేస్తుంది.

ఈ పొట్టు ఎక్కడిది?

ఇసబ్‌గోల్‌ ఒక చిన్న మొక్క. తెలుగులో పాత పేరు ఇసపగాల. శాస్త్రీయ నామం ప్లాంటాగో ఒవేటా. పడవ ఆకారంలో ఉండే దీని గింజ గుర్రం చెవిలా కనిపించడంతో పారశీక భాషలో ఆ అర్థం వచ్చేలా పేరు పెట్టారు. అదే మన నోళ్లలో ఇసబ్‌గోల్‌ అయింది. మోకాలెత్తు కూడా పెరగని ఈ మొక్కకు సన్నటి ఆకులు, చిన్న కంకులు ఉంటాయి. గింజ మీద ఉండే పలుచని తెల్లటి పొరే మనం కొనే పొట్టు. గింజ బరువులో ఇది సుమారు పావు వంతు ఉంటుంది. మిల్లులో గింజను సుతారంగా ఒరిపిడి చేసి, తూర్పారబట్టి ఈ పొరను వేరుచేస్తారు. మిగిలినది పశువుల దాణాకు పోతుంది.

ప్రపంచంలో ఇసబ్‌గోల్‌ ఎక్కువగా పండించేదీ, ఎగుమతి చేసేదీ మన దేశమే. గుజరాత్‌, రాజస్థాన్‌, మధ్యప్రదేశ్‌ రైతులు రబీలో దీన్ని సాగు చేస్తారు. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్‌ జీలకర్రకు ఎంత పేరో ఇసబ్‌గోల్‌కూ అంత పేరు. నవంబర్‌లో విత్తితే దాదాపు నాలుగు నెలల్లో కోతకు వస్తుంది. దీనికి చల్లటి, పొడి వాతావరణం కావాలి. కంకి పండిన సమయంలో ఒక్క వాన పడితే చాలు, గింజ మీది పొర తడిసి ఉబ్బుతుంది, గింజలు రాలిపోతాయి. గట్టిగా మంచు కురిసినా నష్టమే. అందుకే పంట చేతికొచ్చే రోజుల్లో అక్కడి రైతు ఆకాశం వైపు చూస్తూ గడుపుతాడు.

రైతును భయపెట్టే ఆ గుణమే మన కడుపుకు ఉపయోగపడుతోంది. నీరు తగిలితే ఉబ్బి జిగురుగా మారడం. ఇసబ్‌గోల్‌ చేసే మంచికైనా, చెడుకైనా మూలం ఇదొక్కటే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా పొట్టు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. చెంచా నిలబడేంత చిక్కటి జిగురు తయారవుతుంది. నాణ్యమైన పొట్టు ఒక గ్రాము పూర్తిగా ఉబ్బితే 40 మిల్లీలీటర్ల చోటు నింపుతుంది. ఆ ఉబ్బడం ఎక్కడ జరగాలి, గ్లాసులోనా, పేగులోనా, గొంతులోనా అన్నదే అసలు ప్రశ్న.

పేగులో ఏం చేస్తుంది?

పీచు అంటే మన శరీరం అరిగించుకోలేని పదార్థం. ఇందులో రెండు రకాలు. గోధుమ తవుడులో ఉండేలాంటిది నీటిలో కరగదు. ఓట్స్‌లో, మెంతుల్లో, బెండకాయ జిగురులో ఉండేది నీటిని పట్టుకుని మెత్తటి ముద్దలా మారుతుంది. ఇసబ్‌గోల్‌ ఈ రెండో రకం. అయితే ఈ రకం పీచుల్లో చాలా వాటిని పెద్దపేగులోని బ్యాక్టీరియా తినేసి గ్యాస్‌గా మార్చేస్తాయి. ఇసబ్‌గోల్‌ను అవి పెద్దగా ముట్టుకోవు. పట్టుకున్న నీటితో సహా అది చివరిదాకా ప్రయాణిస్తుంది. మలం మెత్తబడి, పరిమాణం పెరిగి, ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది.

మరి విరేచనాలు అవుతుంటే కూడా ఇదే వాడతారే, అది ఎలా? చాలామందికి వచ్చే సందేహమే. మలం నీళ్లలా ఉన్నప్పుడు అదనంగా ఉన్న నీటిని ఈ జిగురు తనలోకి లాక్కుంటుంది. గట్టిగా ఉంటే మెత్తబరుస్తుంది, పలుచగా ఉంటే చిక్కబరుస్తుంది. అందుకే కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలతో ఇబ్బందిపెట్టే ఐబీఎస్‌ సమస్యలో వైద్యులు ఇసబ్‌గోల్‌ను సూచిస్తుంటారు. ఇలాంటి వారికి గోధుమ తవుడు ఇస్తే కడుపుబ్బరం, నొప్పి పెరగొచ్చు.

ఒక హెచ్చరిక. చిన్నపిల్లలకు విరేచనాలైతే ఇసబ్‌గోల్‌ జోలికి పోవద్దు. వాళ్లకు కావలసింది ఓఆర్‌ఎస్‌, జింక్‌. పెద్దవాళ్లకైనా జ్వరం, రక్తంతో కూడిన విరేచనాలు ఉంటే పెరుగులో ఇసబ్‌గోల్‌ కలుపుకొని ఇంట్లో కూర్చోకూడదు.

అసలు మీది మలబద్ధకమేనా?

రోజూ ఉదయం ఒకసారి తప్పనిసరిగా వెళ్లాలి, లేకపోతే జబ్బు అని మనలో బలమైన నమ్మకం. అది నిజం కాదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా వెళ్లినా, ఇబ్బంది లేకుంటే మామూలే. మీకు మొదటి నుంచీ ఉన్న అలవాటు మారిందా అన్నది ముఖ్యం. మలం రాళ్లలా, ఉండలు ఉండలుగా రావడం, బాగా ముక్కాల్సి రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిందనిపించడం, వేలితో సాయం చేసుకోవాల్సి రావడం... ఇవీ మలబద్ధకం లక్షణాలు. చివరిది చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. డాక్టర్‌ దగ్గర సిగ్గు వద్దు. అలాంటప్పుడు సమస్య పేగు కదలికలో కాక, మలద్వారం దగ్గరి కండరాల్లో ఉండొచ్చు. ఎన్ని చెంచాల పొట్టు మింగినా అది తీరదు.

ఇంకొక సంగతి చూసుకోవాలి. మీరు వాడే మందులే మలబద్ధకం తెస్తుండొచ్చు. ఐరన్‌, కాల్షియం మాత్రలు, ట్రమడాల్‌ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్‌ ఉన్న దగ్గు మందులు, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్‌ వీటిలో కొన్ని. థైరాయిడ్‌ హార్మోన్‌ తగ్గినా, ఏళ్ల తరబడి షుగర్‌ ఉన్నా పేగులు మందగిస్తాయి. కారణం తేలితే వైద్యం అక్కడ మొదలుపెట్టాలి.

ఎలా తీసుకోవాలి?

పెద్దలు రోజుకు 3 నుంచి 5 గ్రాములతో మొదలుపెట్టడం మంచిది. ఇళ్లలో చెంచాలు అన్నీ ఒకేలా ఉండవు కాబట్టి ప్యాకెట్‌ మీద రాసిన కొలత చూడండి. మొదటి రోజే రెండు మూడు చెంచాలు వేసుకుంటే కడుపుబ్బరం వచ్చి ‘ఇది నాకు పడలేదు’ అని మానేస్తారు. వారం పాటు చూసి, అవసరమైతేనే కొద్దిగా పెంచాలి.

పూర్తి గ్లాసు నీళ్లలో, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లలో పొట్టు కలపాలి. కలిపిన వెంటనే, చిక్కబడకముందే తాగేయాలి. ఆపైన ఇంకో గ్లాసు మామూలు నీళ్లు తాగాలి. కూర్చునో, నిలబడో తాగాలి. రోజంతా కూడా నీళ్లు తగ్గించకూడదు. నీళ్లు సరిపడా లేకపోతే ఈ పొట్టే పేగులో గట్టి ముద్దగా మారి, ఏ సమస్య కోసం వాడుతున్నామో దాన్నే పెంచుతుంది.

ఫలితం గంటలో రాదు. సాధారణంగా 12 గంటల నుంచి 3 రోజులు పడుతుంది. రాత్రి వేసుకుని తెల్లారేసరికి పని జరగలేదని ఇంకో రెండు చెంచాలు వేసుకోవద్దు.

పడుకునే ముందు చెంచా... ప్రమాదం

పెద్ద వయసువారిలో ఒక అలవాటు కనిపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు పొట్టును చెంచాతో నేరుగా నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి నడుం వాల్చేస్తారు. రాత్రి మళ్లీ లేవాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగుతారు. పొడిగా వెళ్లిన పొట్టు అన్నవాహికలోనే ఆగి ఉబ్బుతుంది. ఛాతీలో ఏదో పట్టేసినట్టు ఉంటుంది, మింగుడు పడదు, లాలాజలం కూడా దిగక నోట్లోంచి కారుతుంది. గుండెపోటేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయి అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొస్తారు. ఆ ముద్దను ఎండోస్కోపీతో తీయాల్సి వస్తుంది. గాలి గొట్టానికి అడ్డుపడితే ప్రాణం మీదికే వస్తుంది.

ఇసబ్‌గోల్‌ తాగాక ఛాతీ నొప్పి, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, వాంతులు వస్తే ‘ఇంకొన్ని నీళ్లు తాగితే దిగుతుందిలే’ అని చూడొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీ ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో వాడుతుంటే సాయంత్రం ఆరు, ఏడు గంటల సమయానికి మార్చండి. గ్లాసులో కలిపి మీరే చేతికివ్వండి. పక్షవాతం వచ్చినవారికి, పార్కిన్సన్‌ జబ్బు ఉన్నవారికి, అన్నం తింటున్నప్పుడు పొలమారేవారికి మీ అంతట మీరు అసలు ఇవ్వొద్దు.

మాత్రలతో పేచీ

పేగులో ఏర్పడే ఆ జిగురు కొలెస్ట్రాల్‌ను పట్టుకున్నట్టే మీరు వేసుకున్న మాత్రనూ పట్టుకుంటుంది. మందు రక్తంలోకి పూర్తిగా చేరదు. ఎక్కువగా దెబ్బతినేది థైరాయిడ్‌ మాత్ర. ఉదయం పరగడుపున థైరాయిడ్‌ మాత్ర, పది నిమిషాలకు ఇసబ్‌గోల్‌... ఇలా ఏడాది గడిపితే, క్రమం తప్పకుండా మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్‌ దిగదు. డాక్టర్‌కు ఇసబ్‌గోల్‌ సంగతి తెలియదు కాబట్టి మాత్ర డోసు పెంచుతారు. థైరాయిడ్‌ సరిగ్గా అదుపులో లేకపోతే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది. మలబద్ధకం పెరిగిందని ఇసబ్‌గోల్‌ ఇంకో చెంచా పెంచుతారు. ఈ గొలుసు తెగాలంటే ఒక్కటే మార్గం, రెండింటి మధ్య దూరం. ఉదయం థైరాయిడ్‌ మాత్ర వేసుకునేవారు ఇసబ్‌గోల్‌ను సాయంత్రానికి పెట్టుకోండి. కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి.

మిగతా మందులకూ, ఇసబ్‌గోల్‌కూ మధ్య రెండు గంటల ఎడం పాటించండి. గుండెకు వాడే డిగాక్సిన్‌, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమాజెపిన్‌, మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం, ఐరన్‌ మాత్రలు... ఇవి వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, డాక్టర్‌కు తప్పక చెప్పాలి. షుగర్‌ మందులు, ఇన్సులిన్‌ తీసుకునేవారు కొత్తగా మొదలుపెడితే కొన్నాళ్లు షుగర్‌ తరచూ చూసుకోవాలి. భోజనం నుంచి చక్కెర రక్తంలోకి చేరే వేగం తగ్గుతుంది కాబట్టి కొందరిలో మందు డోసు సరిచేయాల్సి రావచ్చు.

చెంచాలు పెరిగాయి... జబ్బూ పెరిగింది

యాభై ఎనిమిదేళ్ల ఒకాయన నీరసం, ఆయాసంతో మా ఓపీకి వచ్చారు. హిమోగ్లోబిన్‌ 8 మాత్రమే ఉంది. మగవారిలో ఇంత రక్తహీనత ఉంటే రక్తం ఎక్కడ పోతోందో వెతకాల్సిందే. అడిగితే మెల్లగా చెప్పారు. జీవితంలో ఎప్పుడూ లేని మలబద్ధకం ఎనిమిది నెలల క్రితం మొదలైంది. తెలిసినవాళ్లు చెబితే ఇసబ్‌గోల్‌ కొన్నారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక చెంచా రెండైంది, రెండు మూడయ్యాయి. మధ్యలో రెండుమూడుసార్లు రక్తం కనపడింది. ‘వేడి చేసింది, మొలలు అయ్యుంటాయి’ అనుకుని మజ్జిగ ఎక్కువగా తాగారు. బెల్టుకు కొత్త రంధ్రం వేయించాల్సి వచ్చిందని పక్కనున్న ఆయన భార్య చెప్పారు.

కొలనోస్కోపీలో పెద్దపేగు ఎడమ భాగంలో గడ్డ కనిపించింది. క్యాన్సర్‌. అదృష్టం కొద్దీ కాలేయానికి పాకలేదు. ఆపరేషన్‌ జరిగింది, కీమోథెరపీ కూడా ఇచ్చారు. ఇప్పుడు కోలుకుని చెకప్‌లకు వస్తున్నారు. కానీ ఇంకొన్ని నెలలు ఆలస్యమై ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇసబ్‌గోల్‌ ఆయనకు క్యాన్సర్‌ తేలేదు. ఇరుకైపోతున్న పేగులోంచి మలం జారడానికి కొంత సాయం చేసింది. ఆ కాస్త ఊరటే ఆయన్ను డాక్టర్‌ దగ్గరికి రాకుండా ఆపింది. పేగు ఇంకా ఇరుకయ్యాక అదే పొట్టు మొత్తం దారిని మూసేసే ప్రమాదం కూడా ఉంది.

అందుకే కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ముందు పరీక్ష, తర్వాతే ఇసబ్‌గోల్‌.

• యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలవడం, లేదా మల విసర్జన అలవాటు మారి మూడు నాలుగు వారాలైనా కుదుటపడకపోవడం

• మలంలో రక్తం, లేదా మలం తారులా నల్లగా రావడం (ఐరన్‌ మాత్రలతోనూ నల్లగా రావచ్చు, అయినా డాక్టర్‌కు చెప్పండి)

• కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం

• రక్తహీనత

• మలం సన్నగా, రిబ్బన్‌లా రావడం

• నిద్రలోంచి లేపే విరేచనాలు

• దగ్గరి రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్‌ ఉండటం

కడుపు ఉబ్బిపోయి, గ్యాస్‌ కూడా పోకుండా, వాంతులవుతుంటే అది పేగు మూసుకుపోయిన సూచన కావచ్చు. అప్పుడు ఇసబ్‌గోల్‌ గానీ, ఇంకే విరేచనకారి గానీ ఇవ్వకూడదు. నేరుగా ఆసుపత్రికే.

రక్తం పడితే మొలలే అని మనకు మనం తీర్పు చెప్పుకోవద్దు. మొలలు చాలామందిలో ఉంటాయి, నిజమే. మొలలున్న మనిషికి క్యాన్సర్‌ రాదని లేదు. ఒకసారి పరీక్ష చేయించుకుని మొలలేనని తేలితే, అప్పుడు ఇసబ్‌గోల్‌ మంచి తోడు. మలం మెత్తబడితే మొలల నుంచి రక్తం పడటం తగ్గుతుంది. ఫిషర్‌ వల్ల వచ్చే కోత, మంట కూడా తగ్గుతాయి.

గుండెకు ఎంత మేలు?

కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేసి పేగులోకి వదులుతుంది. మామూలుగా దానిలో ఎక్కువ భాగం మళ్లీ కాలేయానికి తిరిగొస్తుంది. ఇసబ్‌గోల్‌ జిగురు కొంత పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు సుమారు 10 గ్రాముల చొప్పున కొన్ని వారాలు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్‌, అంటే ఎల్‌డీఎల్‌, 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. ఈ పీచు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1998లోనే అనుమతించింది. మన దగ్గర పండిన ఇసబ్‌గోల్‌లో పెద్ద భాగం వెళ్లేది కూడా అమెరికాకే.

అయితే స్టాటిన్‌ మాత్రలు అంతకన్నా చాలా ఎక్కువ తగ్గిస్తాయి. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్‌ వేయించుకున్నవారు ‘సహజమైనది’ అంటూ స్టాటిన్‌ ఆపి ఇసబ్‌గోల్‌కు మారడం ప్రాణాలతో ఆడుకోవడమే. స్టాటిన్‌కు తోడుగా వాడుకోండి, బదులుగా కాదు.

డబ్బా వెనక చదవండి

మార్కెట్‌లో ‘ఇసబ్‌గోల్‌’ అన్న పేరు కనిపించే డబ్బాలన్నీ ఒకటి కావు. కొన్నిటిలో ఉత్త పొట్టే ఉంటుంది. కొన్నిటిలో రంగు, రుచి కోసం చక్కెర కలుపుతారు. షుగర్‌ ఉన్నవారు ఇది గమనించకుండా నారింజ రుచి పొడిని రోజుకు రెండుసార్లు తాగేస్తుంటారు. మరికొన్ని చూర్ణాల్లో ఇసబ్‌గోల్‌తో పాటు సునాముఖి ఆకు ఉంటుంది. అది పేగును రెచ్చగొట్టి పని చేయించే మందు. తెల్లారేసరికి ఫలితం కనిపిస్తుంది కాబట్టి జనానికి అదే నచ్చుతుంది. కానీ దాన్ని డాక్టర్‌ సలహా లేకుండా నెలల తరబడి వాడటం మంచిది కాదు. కడుపులో మెలిపెట్టే నొప్పి రావచ్చు, విరేచనాలు ఎక్కువై పొటాషియం పడిపోవచ్చు. ఉత్త పొట్టే ఉన్న డబ్బా ఎంచుకోండి. గాలి, తేమ తగలకుండా మూత బిగించండి. తడి చెంచా పెట్టొద్దు.

పొట్టు పోసేటప్పుడు లేచే సన్నటి ధూళి కొందరికి పడదు. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం రావచ్చు. ఉబ్బసం ఉన్నవారు ముఖం దూరంగా పెట్టుకుని కలుపుకోవాలి. ఒకసారి అలర్జీ వస్తే మళ్లీ వాడొద్దు.

నీళ్లు తక్కువ తాగమని డాక్టర్‌ చెప్పిన కిడ్నీ రోగులు, గుండె బలహీనత ఉన్నవారు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు. మార్ఫిన్‌ లాంటి బలమైన నొప్పి మందులు వాడుతున్నవారికి, మంచానికే పరిమితమైనవారికి పేగు కదలికలే తక్కువ. వాళ్లకు ఇసబ్‌గోల్‌ ఇస్తే మలం లోపలే గడ్డకట్టి పేరుకుపోవచ్చు. వారికి వేరే మందులు ఉన్నాయి.

పళ్లెం సంగతేంటి?

ఇంత చెప్పాక అసలు మాట. రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, అదీ సహజంగా ఆహారంలో ఉండేది పెద్దలకు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మన ఇళ్లలో మూడు పూటలూ తెల్లన్నం, ఇడ్లీ, ఉప్మాతో గడిచిపోతుంటే అంత పీచు ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్‌ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అదే జొన్నల్లో 10, రాగుల్లో, సజ్జల్లో 11 గ్రాములు. పొట్టు తీయని శనగల్లో 25 గ్రాములు. జామకాయలో 8 గ్రాముల పైనే.

లెక్క వేసి చూడండి. 80 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలతో 8 గ్రాములు. సాయంత్రం గుప్పెడు శనగలు ఉడికించి తాలింపు పెట్టుకుంటే, అంటే ఎండువి 30 గ్రాములతో, 7 గ్రాములు. ఓ మోస్తరు జామకాయ ఒకటి తింటే 12 గ్రాములు. ఈ మూడింటితోనే 25 దాటింది. ఇక తోటకూర, గోరుచిక్కుడు, బెండకాయ, ములక్కాడ, పెసలు అదనం. 5 గ్రాముల ఇసబ్‌గోల్‌ నుంచి వచ్చేది సుమారు 4 గ్రాములు మాత్రమే. పైగా జామకాయలో సి విటమిన్‌ ఉంటుంది, రాగిలో కాల్షియం, శనగల్లో ప్రొటీన్‌ ఉంటాయి. ఇసబ్‌గోల్‌లో జిగురు తప్ప ఇవేవీ లేవు. పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి కావాలన్నా రకరకాల పప్పులు, కూరలు, పండ్లు తినాల్సిందే. ఇసబ్‌గోల్‌ను అవి పెద్దగా తినవని ముందే చెప్పుకొన్నాం కదా.

ఇవన్నీ కూడా ఒక్కసారిగా పెంచొద్దు. వారానికి ఒక మార్పు చాలు. ఉదయం టిఫిన్‌ తిన్న తర్వాత అరగంట లోపల పేగు కదలికలు సహజంగానే పెరుగుతాయి. బస్సుకో, స్కూలు ఆటోకో టైమైందని ఆ పిలుపును రోజూ అణచేస్తే కొన్నాళ్లకు అది రావడమే మానేస్తుంది. పది నిమిషాలు ముందు లేవండి. పాశ్చాత్య కమోడ్‌ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి పని సులువవుతుంది. రోజూ నడవండి.

మీరు అడిగే ప్రశ్నలు

రోజూ వాడితే అలవాటైపోతుందా?

ఉత్త పొట్టుతో పేగు బద్ధకించదు. డాక్టర్‌ సలహాతో దీర్ఘకాలం వాడొచ్చు. కానీ డాక్టర్‌కు ఒక్కసారి కూడా చూపించుకోకుండా ఏళ్ల తరబడి వాడకూడదు.

గర్భిణులు వాడొచ్చా?

ఇది రక్తంలోకి చేరదు కాబట్టి సాధారణంగా ఇబ్బంది లేదు. ఐరన్‌ మాత్ర వేసుకున్న సమయానికి రెండు గంటలు అటూ ఇటూగా తీసుకోవాలి. ముందు మీ డాక్టర్‌కు చెప్పండి.

పిల్లలకు ఇవ్వొచ్చా?

ఆరేళ్లలోపు వారికి వద్దు. పన్నెండేళ్లలోపు వారికి డాక్టర్‌ చెబితేనే. పిల్లల్లో మలబద్ధకానికి పాలు మరీ ఎక్కువ తాగడం, కూరలు తినకపోవడం, స్కూలు బాత్రూమ్‌కి వెళ్లలేక ఆపుకోవడం ముఖ్య కారణాలు. అవి సరిచూడండి.

బరువు తగ్గుతామా?

భోజనానికి ముందు తాగితే కడుపు కాస్త నిండినట్టు ఉంటుంది. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

పెరుగులో కలుపుకోవచ్చా?

విరేచనాలప్పుడు చాలామంది అలాగే తీసుకుంటారు. తప్పు లేదు. కానీ వెంటనే గ్లాసు నీళ్లు తాగాలి.

సబ్జా గింజలూ, ఇదీ ఒకటేనా?

కాదు. సబ్జా తులసి జాతి మొక్క గింజ. అదీ నీళ్లలో ఉబ్బుతుంది, అందుకే ఈ పొరపాటు. అది కూడా నానబెట్టకుండా తినకూడదు.

ఈసారి డాక్టర్‌ దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రల చీటీతో పాటు మీ ఇసబ్‌గోల్‌ డబ్బా కూడా తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి వాడుతున్నారు, రోజుకు ఎన్ని చెంచాలు, ఈమధ్య చెంచాలు పెరిగాయా అన్నవి చెప్పండి. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్న. చెంచాలు పెరుగుతున్నాయంటే పొట్టు పని చేయడం లేదనో, లోపల ఇంకేదో ఉందనో అర్థం. ఆ విషయం ఎంత త్వరగా తేలితే అంత మంచిది.